పొట్టేలు ఏం తిన్నది?

సత్తెనపల్లిలో సాంబయ్య మాంసం కొట్టు ముందు ఒక పలక వేలాడుతూ ఉంటుంది. తోక తీయకుండా తగిలించిన పొట్టేలు పక్కనే, అలాంటి కొక్కేనికే, చిన్నపిల్లలు దిద్దుకునే నల్ల పలక. దాని మీద సుద్దముక్కతో రోజూ ఒక వాక్యం రాసి ఉంటుంది. మొన్న ఆదివారం నేను చూసినప్పుడు ఇలా ఉంది: "ఈ పొట్టేలు తిన్నది: పత్తిచెక్క, కందిపొట్టు, కొంచెం జొన్నచొప్ప." కొత్తవాళ్లు హోటలు మెనూ అనుకుని దగ్గరికొచ్చి మళ్లీ చదువుతారు. మెనూయే. కాకపోతే తినేవాళ్లది కాదు, తినబడేదానిది.

మా తోడల్లుడి ఇంటికి వెళితే ఆయన నన్ను మాంసానికి పంపించాడు. జీవితమంతా పిల్లల తెలుగులో తప్పులు వెతికినవాణ్ని ఎక్కడికి పంపినా తప్పులే వెతుకుతాడని మా చుట్టాలకు గట్టి నమ్మకం. మాంసంలో వెతికితే నష్టం లేదు కదా అని ఆయన ఉద్దేశం.

నేను వరసలో నిలబడగానే సాంబయ్య కత్తి ఆపి తలెత్తాడు.

"సార్, మీరు మేడమ్ గారి కాలేజీ కదండీ? ఆ రోజు మిషను పెట్టె మోసుకొచ్చింది మీరే కదూ?"

"నేనే."

"మేడమ్ గారు బాగున్నారా అండి? చాన్నాళ్లయింది ఇటు రాక. ఫోన్ చేస్తే ఎత్తటంలా."

మేడమ్ పోయి నెల దాటింది. ఆ సంగతి సాంబయ్యకు తెలియదు. చెప్పాల్సింది నేనే. కానీ నా ముందు ఇంకా నలుగురున్నారు, చేతుల్లో స్టీలు గిన్నెలతో. "నా వంతు రానీ, చెప్తా" అన్నాను. ముందున్నవాళ్లు కాస్త ఎక్కువ మాంసం కొంటే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను.

గుంటూరులోని మా కాలేజీలో మేడమ్‌లకు కొదవ లేదు. కానీ పేరు చెప్పకుండా "మేడమ్" అంటే ఎలక్ట్రానిక్స్ చెప్పే ఆవిడే. గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసిన తల్లికి కూతురు. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ ఆ ఘాటుకు తుమ్మీ తుమ్మీ, ఏడాదిలో సగం రోజులు ఆవిడ ముక్కు సెలవులో ఉండేది. క్యాంటీన్ సాంబారు పులిసిందో లేదో వాసన చూసి చెప్పమని నా దగ్గరికి గిన్నె జరిపేవారు. అలాంటావిడ వాసన పట్టే యంత్రం తయారుచేశారు. "నా ముక్కుకి రిటైర్మెంట్ ఇచ్చేశానండీ, కొత్తదాన్ని అపాయింట్ చేశా" అనేవారు.

ఆ యంత్రం మూడు గిన్నెల టిఫిన్ క్యారేజీ అంత ఉంటుంది. ముందు ఒక రబ్బరు గొట్టం. గొట్టాన్ని మాంసం మీద పెడితే లోపలి చిన్న పంపు ఆ గాలిని పీలుస్తుంది. లోపల చొక్కా గుండీలంత సెన్సర్లు ఎనిమిది. ఒక్కో మాంసం నుంచి వచ్చే ఆవిరికి ఒక్కో సెన్సర్ ఒక్కోలా స్పందిస్తుంది. ఆ ఎనిమిదింటి సాక్ష్యమూ కలిపి, ఇది మేక, ఇది పొట్టేలు, ఇది గేదె, ఇందులో అది కలిసింది అని పెట్టె తీర్పు చెబుతుంది. పొట్టేలు మాంసమని నమ్మించి గేదె మాంసం కలిపి అమ్మేవాళ్లను పట్టుకోవటం దాని ఉద్యోగం. స్విచ్ వేసిన వెంటనే పనిచేయదు, సెన్సర్లు వేడెక్కాలి. "దానికింకా కాఫీ పడలేదు" అనేవారు మేడమ్. మిర్చి యార్డు నిండిన రోజుల్లో కిటికీలన్నీ మూసిగానీ ఆన్ చేసేవారు కాదు. లేకపోతే అది కూడా తుమ్ముతుందట.

ముక్కకు కొమ్ము తగిలిస్తే ముక్కు అవుతుంది కదా మేడమ్ అని నేనొకసారి భాషాపాండిత్యం ప్రదర్శించాను. ఆవిడ సోల్డరింగ్ ఆపకుండానే, "అవునండీ, కొమ్ములు తీసేశాకే కదా ముక్కలయ్యేది" అన్నారు. అప్పట్నుంచి ఆవిడ దగ్గర శ్లేషలు వెయ్యటం తగ్గించుకున్నాను.

యంత్రానికి మంచి తెలియాలంటే చెడ్డ కూడా చూపించాలట. అంటే కల్తీని పట్టుకునే యంత్రం కోసం ముందు ఎవరో ఒకరు కల్తీ చెయ్యాలి. ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద ఐస్ డబ్బా కట్టుకుని మేడమ్ ఊరంతా తిరిగి పావుకిలోలు కొనేవారు: ఇక్కడ పొట్టేలు, అక్కడ మేక, ఇంకోచోట గేదె. "కర్రీ పాయింట్ పెట్టారా అమ్మా?" అని కొట్లవాళ్లు అడిగేవాళ్లు. సోమవారం ల్యాబులో కూర్చుని పొట్టేలు మాంసంలో గేదె మాంసం ఇంత, ఇంకాస్త, సగానికి సగం అంటూ శ్రద్ధగా కలిపేవారు. ఈ చుట్టుపక్కల అందరికీ చెప్పి, డబ్బా మీద రాసి మరీ కల్తీ చేసిన మనిషి బహుశా ఆవిడొక్కరే.

ఆ డబ్బాలన్నీ ల్యాబులో ఉన్న ఒకే ఒక్క ఫ్రిజ్‌లో ఉండేవి. ఎండాకాలం అందులో మజ్జిగ పెట్టుకునే లెక్కల మాష్టారు ఒకరోజు తలుపు తీసి, చూసి, మూసి, మళ్లీ తియ్యలేదు. "మీ గ్లాసు మీద కూడా పేరు రాసి పెట్టానండీ, కలిసిపోదు" అని మేడమ్ ఎంత చెప్పినా ఆయన ఆ వేసవంతా వెచ్చటి మజ్జిగే తాగారు. నేను కొంచెం ధైర్యస్థుణ్ని. నా పెరుగు డబ్బా మీద గొట్టం పెట్టనిచ్చాను. పెట్టె కాసేపు గుర్రుమని "గేదె" అంది. గేదె పెరుగే కదా, ఎంత తెలివైనదో అని ఇద్దరం మెచ్చుకున్నాం. అది తెలివి కాదని తరవాత తెలిసింది.

ఫలితం తెలుగులో కనపడాలని మేడమ్ పట్టు. మాటలు చెప్పమని నా దగ్గరికి వచ్చారు. నేను తడుముకోకుండా రెండు చెప్పాను: "స్వచ్ఛం", "కల్తీ".

"గేదె మాంసం పెడితే ఏం పడుద్దండీ?"

"కల్తీ అని."

"ఉత్త గేదె మాంసమే పెడితే? ఇంకేం కలపకుండా?"

నేను అంతదూరం ఆలోచించలేదు.

"మా అమ్మ ఆదివారం ఆదివారం వండేది అదేనండి. కల్తీ లేకుండా వండేది" అని నవ్వారు. "అది కల్తీ ఎట్టా అవుద్ది మాష్టారూ? దాన్ని పొట్టేలని చెప్పి అమ్మటం కల్తీ. అబద్ధం మాంసంలో ఉండదండీ, అమ్మేవాడి నోట్లో ఉంటది. నోట్లో గొట్టం పెట్టే మిషను నేను చెయ్యలేను."

చివరికి ఒప్పందం కుదిరింది. పెట్టె ఏ మాంసానికి ఆ పేరే చెబుతుంది. కలిసి ఉంటే "గేదె కలిసింది" అంటుంది. అంతకు మించి మంచీ చెడ్డా మాట్లాడదు. కళ్లజోడు మర్చిపోయినవాళ్లకు కూడా కనపడాలని, అక్షరాలు పెద్దవి పెట్టించమన్నాను. నేను ఇంతవరకూ రాసిన పద్యాలూ వ్యాసాలూ కలిపి కుప్పేసినా, ఆ "గేదె కలిసింది" అన్న రెండు మాటలను చదివినంతమంది చదివి ఉండరు. చదివింది సత్తెనపల్లిలో, ఈ సాంబయ్య కొట్టు ముందే.

పెట్టెను ల్యాబు బయట పరీక్షించటానికి మేడమ్ కొన్ని కొట్లవాళ్లను అడిగారు. ఫలితం ఎవరికీ చెప్పం, చూసుకుని వెళ్లిపోతాం అని మాటిచ్చారు. అందరికన్నా ముందు "రండమ్మా" అన్నది సాంబయ్య. కొట్టు వెనక దొడ్లో పొట్టేళ్లను తనే మేపుతాడు. వాటి మీద ఆయనకు అంత గర్వం. ఆదివారం రద్దీలో వెళ్లాం. గొట్టం పెట్టాం. పెట్టె గుర్రుమని, పెద్ద పెద్ద అక్షరాల్లో "గేదె కలిసింది" అంది.

మేడమ్ చటుక్కున చేత్తో తెర మూసేశారు. కానీ వరసలో ఉన్నవాళ్లందరికీ తెలుగు వచ్చు.

"ఏందది? గేదె అని పడింది?"

"ఏరా సాంబయ్యా, ఇన్నాళ్లూ మాకు పెట్టింది ఇదా?"

"నా దొడ్లో గేదె లేదయ్యా! గేదె పాలు కూడా నేను బయటే కొంటా!" అన్నాడు సాంబయ్య. ఎవరూ నవ్వలేదు. మిషను ఇంకా పరీక్షలో ఉంది, దాని మాట పట్టించుకోకండి అని మేడమ్ బతిమాలుతుంటే, "మీరేం భయపడకండమ్మా, మేమున్నాం" అని ఒకాయన ఆవిడకే ధైర్యం చెప్పాడు.

మనిషి అన్నదానికి ఎదురు చెప్పొచ్చు. యంత్రం అన్నదాన్ని ఎవరు కాదంటారు? సాయంత్రానికి ఆ సంగతి ఊళ్లో అందరి ఫోన్లలోనూ ఉంది. తరవాత ఆదివారం సాంబయ్య పొట్టేలు తోకతో సహా మిట్టమధ్యాహ్నం దాకా వేలాడింది.

మేడమ్ ఆ మాంసం ముక్కను పెద్ద ల్యాబుకు పంపించారు. ఉత్త పొట్టేలే అని కాగితం వచ్చింది. సాంబయ్య దాన్ని కొట్టు ముందు అంటిస్తే, "దీనికెంత ఇచ్చావు?" అన్నారు. నలుగురి ముందూ తానే కొంటే నమ్ముతారేమో అని మేడమ్ వెళ్లి కిలో తీసుకున్నారు. సాయంత్రానికి ఊళ్లో మాట: "చూశావా, వాళ్లు కొంటున్నారు. మరి గేదె కాక ఏంది?" ఆవిడ ఏ పేటలో పుట్టిందో, ఏం తిని పెరిగిందో సత్తెనపల్లికి ఒక్క పూటలో తెలిసిపోయింది. ఆ మాట నాతో చెప్పి నవ్వారు. ఆవిడ నవ్వులన్నీ నాకు అర్థమయ్యేవి కావు.

అయినా వెళుతూనే ఉన్నారు. బేరాలు లేక సాంబయ్య దొడ్లో కూర్చుంటే ఆవిడ కూడా వెళ్లి ఒక రాయి మీద కూర్చునేవారు. అలా కూర్చున్న ఒకరోజు పొట్టేళ్ల ముందున్న బకెట్టు చూశారు. నానబెట్టిన పత్తిచెక్క. పత్తిగింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క అది. ఈ వైపు గేదెలన్నిటికీ పెట్టేది అదే. ఆవిడ ల్యాబులో యంత్రానికి చూపించిన గేదె మాంసమంతా ఆ చెక్క తిన్న గేదెలది. చూపించిన పొట్టేళ్లేమో బీళ్లలో గడ్డి మేసినవి. పొట్టేలుకు గేదె భోజనం పెట్టి మేపేవాడు సాంబయ్య ఒక్కడే.

మర్నాడు స్టాఫ్ రూములో నా బల్ల ముందు కూర్చున్నారు.

"మాష్టారూ, నా మిషను జంతువుని చూడలేదండి. అది ఏం తిన్నదో చూసి, నువ్విది అనేసింది."

"యంత్రం కదండీ. పొరపాటు మామూలే."

"యంత్రానికి నేర్పింది నేను. మరి నాకెవరు నేర్పారంటారు?"

ఈసారి నవ్వలేదు. "నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి అది" అన్నారు. 'అది' అంటే పెట్టె.

మా పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. కొన్ని ఇళ్లవాళ్లు కలిసి ఒక వేటను, అంటే కోతకు మేపిన పొట్టేలునో మేకనో, కొని, అందరి ముందూ కోసి, ఆకుల మీద పోగులు పెడతారు. తూకం ఉండదు. ఎవరి పోగు ఏదో తేల్చటానికి, వాటా లేని మనిషి ఒకరు అటు తిరిగి నిలబడాలి. ఇటు ఒకడు పోగు మీద పుల్ల పెట్టి "ఇది ఎవరిది?" అంటాడు. అటు తిరిగినవాళ్లు ఒక పేరు పిలుస్తారు. చూడకుండా పిలిచిన పేరు కాబట్టి తగాదా ఉండదు. సాంబయ్యది తూకం కొట్టు. అయినా, "ఈ ఆదివారం పోగులు పెట్టు సాంబయ్యా, జనాన్ని నేను తెస్తా" అన్నారు మేడమ్. తెచ్చారు కూడా. "మిషను మళ్లీ వస్తోంది" అని ఊళ్లో చెప్పించారు, అంతే.

ప్రిన్సిపాల్ గారు పిలిచి వారించారు. "ఇప్పుడొద్దమ్మా. మీ పెట్టె చూడటానికి వచ్చే వారం పైనుంచి వస్తున్నారు. వాళ్లకు నచ్చితే ఊరూరా పెడతారు. ఆ తరవాత మీ ఇష్టం."

"ఊరూరా ఒక సాంబయ్య ఉంటాడు కదండీ" అన్నారు మేడమ్.

ఆ ఆదివారం పెట్టె మోసింది నేనే. సాంబయ్య పొట్టేలును బతికుండగానే జనం మధ్య నడిపించాడు. కొమ్ములు పట్టుకుని చూసుకునేవాళ్లు చూసుకున్నారు. అందరి ముందే కోసి, తలను ఒక పీట మీద పెట్టాడు. ఆ తల పక్కనే మేడమ్ పెట్టె దించించి, స్విచ్ వేసి, "కాఫీ పడేదాకా ఆగండి" అన్నారు. సెన్సర్లు వేడెక్కాయి. గొట్టం మాంసం మీద పెట్టారు. ఈసారి తెర మూయలేదు. అందరికీ కనపడేలా తిప్పారు.

"గేదె కలిసింది."

పీట మీద పొట్టేలు తల కళ్లు తెరుచుకుని పెట్టె వంకే చూస్తోంది. ముందుగా నవ్వింది వెనక నిలబడ్డ ఒక ముసలాయన.

"ఒరేయ్, దీనికి ముక్కు పెట్టారుగానీ కళ్లు పెట్టలేదురా!"

"మేడమ్ గారూ, ఆ గొట్టం నా మీద పెట్టండి, నేనేందో కూడా చెప్పుద్ది!" అన్నాడు ఒక కుర్రాడు.

"గాడిదంటది. అదొక్కటే కరెక్టుగా చెప్పినట్టవుద్ది" అన్నాడు ముసలాయన.

కొంగు నడుముకు బిగించిన ఒకావిడ ముందుకొచ్చి పెట్టె నెత్తిన ఒక్కటి చరిచింది. "దీని మాట నమ్మి రెండు ఆదివారాలు దొండకాయ తిన్నా గదే! దీని నోరు పడిపోను!"

అందరికన్నా గట్టిగా నవ్వింది మేడమ్. అల్లరి చేసిన పిల్లాణ్ని చెవి పట్టుకుని పొరుగింటి గుమ్మం దాకా తెచ్చిన తల్లిలా ఉన్నారు. "అది గేదె తిండి తిన్న పొట్టేలండి. నా పెట్టెకు తిండే తెలిసింది, పొట్టేలు తెలియలేదు. తప్పు మాది, సాంబయ్యది కాదు" అన్నారు.

అరిటాకుల మీద పోగులు లేచాయి. సాంబయ్య పుల్ల తీసుకుని, "మేడమ్ గారూ, అటు తిరగండి. పేర్లు మీరే పిలవాలి" అన్నాడు.

నవ్వులు కొంచెం సన్నబడ్డాయి. "ఆవిడా?" అని ఎవరో మెల్లగా అన్నారు.

సాంబయ్య తలెత్తకుండా చెప్పాడు. "వాటా లేనోళ్లే పిలవాలి. ఇక్కడ వాటా లేంది ఆవిడకే. ఇంకెవరన్నా పిలుస్తామంటే వాటా వదులుకుని రండి."

ఎవరూ వదులుకోలేదు. నేను కూడా అప్పటికే ఒక పోగుకు పేరిచ్చి ఉన్నాను.

మేడమ్ అటు తిరిగారు. పుల్ల మొదటి పోగు మీద పడింది. "ఇది ఎవరిదండీ?"

అక్కడ సగం మంది పేర్లు ఆవిడకు తెలియవు. "వెనక నిలబడ్డ తాతగారిది."

"ఇది?"

"గాడిద గారిది."

"ఇది?"

"దొండకాయ తిన్న అమ్మగారిది!"

ఆ అమ్మగారు నవ్వుతూ గిన్నె పట్టటం మర్చిపోయింది. అలా అందరివీ అయ్యాక ఆకు మీద ఒక పోగు మిగిలింది.

"ఇది ఎవరిదండీ?"

మేడమ్ కాసేపు వెతుక్కున్నారు. "ఇంకెవరు మిగిలారు?"

"పిలవటం అయిపోయిందమ్మా. ఇటు తిరగండి" అన్నాడు సాంబయ్య.

ఆవిడ ఇటు తిరిగి, ఆ పోగు చూశారు. కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. మిర్చి రోజులు కదా, అందుకనుకున్నాం.

పైనుంచి రావలసినవాళ్లు రాలేదు. మేడమ్ పెట్టెకు మళ్లీ మొదటి నుంచి నేర్పటం మొదలుపెట్టారు. ఈసారి ప్రతి కొట్లోనూ కొనేముందు "ఏం తిన్నది?" అని అడిగేవారు. పత్తి తీసేసిన చేలల్లో మేసినవి, శనగపొట్టు తిన్నవి, తుమ్మకాయలు ఏరుకుని తిన్నవి అన్నీ కావాలి ఆవిడకు. ఆ అలవాటు మనుషుల దాకా పాకింది. "తిన్నారా?" అని అందరూ అడుగుతారు, జవాబు కోసం ఎవరూ ఆగరు. ఆవిడ "ఏం తిన్నారు?" అని అడిగి ఆగేవారు. ఇడ్లీ అంటే, "పచ్చడేంటండీ?" అనేవారు. నన్ను కూడా లోపల ఎక్కడో నమోదు చేసుకుంటున్నారని నా అనుమానం. వచ్చినప్పుడల్లా అడిగించుకోవటం ఎందుకని సాంబయ్య ఏకంగా పలకే తగిలించాడు.

ఒకరోజు ఇంకో మాట కోసం నా దగ్గరికి వచ్చారు.

"మాష్టారూ, ఎప్పుడూ ఎరగని తిండి తగిలిందనుకోండి. పెట్టె ఏదో ఒకటి అనెయ్యకుండా ఆగి, నాకు తెలవదు అనాలి. దానికి మాట కావాలి."

"తెలియదు" అని రాసిచ్చాను.

"సరిపోద్దా? ఇంకా మంచి మాటేమన్నా ఉందా?"

"ఉండొచ్చండీ. మా డిపార్ట్‌మెంటులో ఇంతవరకూ దాని అవసరం పడలేదు."

చాలాసేపు నవ్వారు. "అన్నిటికన్నా కష్టం ఇదేనండి నేర్పటం" అన్నారు. పెట్టె ఆ మాట నేర్చుకుంది. నేర్చుకున్న కొత్తలో, మొదటి మాట పట్టుబడ్డ పిల్లాడిలా, ఏది చూపించినా అదే అనేది. నా పెరుగు డబ్బాకు కూడా "తెలియదు" అంది. ఆ రోజు మేడమ్ స్టాఫ్ రూములో అందరికీ బజ్జీలు తెప్పించారు.

ఆ తరవాత కొన్నాళ్లకు జ్వరమని ఆస్పత్రిలో చేరారు. ఐసీయూ అద్దం తలుపు దాకానే మమ్మల్ని రానిచ్చారు. అంతే.

"సార్, మీ వంతు" అన్నాడు సాంబయ్య.

చెప్పాను. తెలుగు చెప్పుకుని బతికినవాణ్ని. ఉన్నవి రెండు ముక్కలు, రెండూ సరిగ్గా రాలేదు.

సాంబయ్య కత్తిని మొద్దు మీద పెట్టాడు. "ఏందయ్యా, ఎంతసేపు?" అని నా వెనక ఎవరో అంటున్నా కత్తి మళ్లీ తియ్యలేదు. చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు. తలెత్తి పలక వంక చూశాడు.

"చివర్లో... ఏం తిన్నారండీ?"

అద్దం తలుపు ఇవతల నిలబడినవాళ్లందరినీ గుర్తుచేసుకున్నాను. డాక్టరును మేం చాలా అడిగాం. ఆ మాట మాత్రం ఒక్కరం కూడా అడగలేదు. ఇప్పుడు ఏదో ఒకటి అనెయ్యొచ్చు. గంజి అనొచ్చు, కొబ్బరినీళ్లు అనొచ్చు. ఆయన మనసు కాస్త కుదుటపడేది. సాంబయ్య జవాబు కోసం నిజంగా ఆగి ఉన్నాడు, మేడమ్ ఆగినట్టే.

"తెలియదు, సాంబయ్యా" అన్నాను.